ఆమ్లెట్ ఎందుకు సాగుతుంది, ఎందుకు నీళ్లు వదులుతుంది?

ఆమ్లెట్ గురించి ఎవరిని కదిపినా వినపడే ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. రబ్బరులా సాగింది, పెనానికి అతుక్కుపోయింది, తిరగేస్తుంటే ముక్కలైంది, ప్లేట్లో వేసిన కాసేపటికి అడుగున నీళ్లూరాయి. వీటికి చిట్కాలు కూడా బోలెడు. పాలు పొయ్యమని ఒకరు, వంటసోడా చిటికెడు వెయ్యమని ఇంకొకరు, మంట తగ్గించమని ఒకరు, కాదు బాగా పెంచమని మరొకరు. అన్నీ వింటే అయోమయం పెరుగుతుందే తప్ప ఆమ్లెట్ బాగుపడదు, ఎందుకంటే ఏ చిట్కా ఎందుకు పనిచేస్తుందో ఎవరూ చెప్పరు, అది తెలియకపోతే ఎప్పుడు వాడాలో ఎప్పుడు మానాలో కూడా తెలియదు. నిజానికి ఆ ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్నది ఒక్కటే సంగతి: నీళ్లు.

పెంకు తీసేస్తే మామూలు కోడిగుడ్డు 50 గ్రాములు అటూ ఇటూ తూగుతుంది. అందులో ముప్పాతిక వంతు నీళ్లే. ప్రోటీన్ 6 గ్రాముల పైచిలుకు, కొవ్వు 5 గ్రాముల దాకా ఉంటుంది, ఆ కొవ్వు మొత్తం పచ్చసొనలోదే. తెల్లసొన విడిగా చూస్తే దాదాపు 90 శాతం నీళ్లు, పచ్చసొనలో సగం. అంటే మనం పెనం మీద పోసేది చాలావరకు నీళ్లే, ఆ కాస్త ప్రోటీన్ వేడి తగలగానే చుట్టలు విప్పుకుని ఒకదాన్నొకటి పట్టుకుని ఆ నీళ్లను తన మధ్య బంధిస్తుంది కాబట్టి గుడ్డు గట్టిపడినట్టు మనకు కనిపిస్తుంది. అక్కడితో ఆపితే మెత్తగా, తేమగా ఉంటుంది. ఆపకుండా ఇంకా కాలుస్తూ పోతే ప్రోటీన్లు మరింత దగ్గరగా బిగుసుకుని, మధ్యలో ఉన్న నీళ్లను బయటికి నెట్టేస్తాయి. ఆ నీళ్లే కొంత ఆవిరై పోతాయి, కొంత ప్లేట్లోకి దిగుతాయి. మిగిలిన బిగుతే మన నోటికి రబ్బరులా తగులుతుంది. సాగడం, నీళ్లు వదలడం అనేవి రెండు వేర్వేరు తప్పులు కావు, ఒకే తప్పుకు రెండు ముఖాలు.

ఇక ఎంత వేడికి ఏమవుతుందో చూద్దాం. తెల్లసొన 60 డిగ్రీలు దాటాక గడ్డకట్టడం మొదలుపెడుతుంది గానీ పూర్తిగా గట్టిపడాలంటే 80 దాకా పోవాలి. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70 వచ్చేసరికి నిలబడిపోతుంది. రెండూ కలిపి గిలక్కొడితే సుమారు 73 డిగ్రీల దగ్గర ఆమ్లెట్ సిద్ధమైనట్టే. కానీ పొయ్యి మీద కాగిన పెనం వేడి 150, 180, ఒక్కోసారి 200 కూడా ఉంటుంది. గుడ్డుకు కావలసింది 73, కింద ఉన్నది దానికి రెట్టింపు పైనే. పైగా ఆమ్లెట్ పల్చటిది, వేడి ఈ వైపు నుంచి ఆ వైపుకు క్షణాల్లో చేరుతుంది. అందుకే కూరలో ఐదు నిమిషాలు అటూ ఇటూ అయినా ఏమీ కాదు, ఆమ్లెట్‌లో ఇరవై సెకన్లు ఎక్కువైతే రుచి మారిపోతుంది.

మన ఆమ్లెట్‌కు ఇక్కడే ఇంకో చిక్కుంది. ఫ్రెంచి పద్ధతిలో వేసే ఆమ్లెట్‌కు ఎక్కడా ఎర్రటి మచ్చ పడకూడదు, లేత పసుపు రంగులో నున్నగా చుట్టుకోవాలి, లోపల ఇంకా కొంచెం జారుడుగా ఉండాలి. వాళ్లు వెన్న వేసి, గుడ్డు పోసిన వెంటనే కలుపుతూనే ఉండి, అర నిమిషం నుంచి నిమిషం లోపు చుట్టి దించేస్తారు. మనకు అది పచ్చిగా అనిపిస్తుంది. మనకు కావలసింది అంచులు ఎర్రగా కాలి, నోట్లో కరకరలాడి, మధ్యలో మాత్రం మెత్తగా ఉండే ఆమ్లెట్. ఎర్రబడాలంటే ఆ భాగంలో నీళ్లు ఇంకిపోవాలి, వేడి 140 డిగ్రీలు దాటాలి. మెత్తగా ఉండాలంటే నీళ్లు పోకూడదు, వేడి 80 దాటకూడదు. ఒకే అట్టులో, రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో, ఈ రెండూ ఒకేసారి కావాలంటున్నాం. మంట పెంచమనేవాళ్లూ తగ్గించమనేవాళ్లూ ఇద్దరూ సగం కరెక్టే. పెంచాల్సిన సమయం ఒకటి, తగ్గించాల్సిన సమయం ఇంకొకటి, అంతే.

అయితే మంట దాకా వెళ్లకముందే చాలామంది ఆమ్లెట్ గిన్నెలోనే పాడైపోతుంది. మన ఇళ్లలో మామూలుగా జరిగేది చూడండి. గిన్నెలో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు వేసి, చేత్తో బాగా నలిపి, ఆపైన గుడ్లు కొట్టి పోస్తారు. ఉల్లిపాయలో దాదాపు 89 శాతం నీళ్లు. ఉప్పు తగిలి, పైగా నలిగిందంటే ఆ నీళ్లన్నీ బయటికి వచ్చేస్తాయి. ఈలోపు ఫోన్ వచ్చిందనో, పెనం కాగలేదనో పది నిమిషాలు పక్కన పెడితే గిన్నె అడుగున పల్చటి నీరు కనిపిస్తుంది, పెనం మీద గుడ్డు ఉడకాల్సింది పోయి ముందు ఈ నీళ్లు మరుగుతాయి. అవి ఇంకేదాకా ఎర్రబడటం అనేది ఉండదు, ఇంకేసరికి గుడ్డు బిగుసుకుపోయి ఉంటుంది. టమాటా వేస్తే చెప్పనే అక్కర్లేదు, అది 94 శాతం నీళ్లు. టమాటా కావాలనుకుంటే గింజలున్న గుజ్జంతా తీసేసి కండ మాత్రమే సన్నగా తరిగి వెయ్యండి, లేదా ముందే నూనెలో మగ్గించి తడి ఆరాక వెయ్యండి.

మరి ఉప్పు ఎప్పుడు వెయ్యాలి? ఇందులోనే అసలు తిరకాసు ఉంది, ఎందుకంటే ఉల్లిపాయకు ముందుగా ఉప్పు తగలడం చెడ్డదైతే గుడ్డుకు ముందుగా ఉప్పు తగలడం మంచిది. గిలక్కొట్టిన గుడ్డులో ఉప్పు కలిపి ఓ పది పదిహేను నిమిషాలు ఉంచి చూడండి. రంగు కాస్త ముదురుతుంది, నురగ తగ్గుతుంది, చెంచాతో ఎత్తి పోస్తే జిగురుగా ముద్దలు ముద్దలుగా కాకుండా పల్చగా, కొంచెం పారదర్శకంగా జారుతుంది. గుడ్డు పాడైపోయిందేమో అని కంగారు పడక్కర్లేదు. ఉప్పు ప్రోటీన్ల మధ్య చేరి అవి మరీ గట్టిగా బిగుసుకోకుండా అడ్డుపడుతుంది, దాంతో కాలాక కూడా నీళ్లు లోపలే నిలుస్తాయి. కాబట్టి వరస మార్చండి: ముందు గుడ్లూ ఉప్పూ, రెండు గుడ్లకు పావు టీస్పూను మెత్తటి ఉప్పు. పసుపు, కారం వేసేవాళ్లు వాటినీ అప్పుడే కలిపెయ్యండి, కారం సరాసరి కాగిన నూనెలో పడితే మాడి ఘాటు కొడుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరుగు మాత్రం విడిగా ఉంచి, పెనం కాగాక, గుడ్డు పొయ్యబోయే ముందు కలపాలి. దీనికన్నా నాకు బాగా నచ్చే పద్ధతి ఇంకొకటి ఉంది, గుడ్డు పెనం మీద పోసేసి, పైన ఇంకా పచ్చిగా ఉండగానే ఉల్లి తరుగు చల్లడం. అది పైవైపు అతుక్కుంటుంది, తిరగేసినప్పుడు నేరుగా పెనానికి తగిలి చుయ్‌మని కాలుతుంది, దాని నీళ్లు గుడ్డులోకి దిగే వ్యవధే ఉండదు.

ఉల్లిపాయ ఎంత అన్నది కూడా ముఖ్యమే. ప్రేమ కొద్దీ పెద్ద ఉల్లిపాయ మొత్తం రెండు గుడ్లలో తరిగి వేస్తే ఆ ముక్కలన్నిటినీ పట్టి ఉంచేంత గుడ్డు అక్కడ ఉండదు. తిరగేస్తుంటే ముక్కలైందంటే సగం సందర్భాల్లో కారణం ఇదే, మన చెయ్యి తిరగకపోవడం కాదు. రెండు గుడ్లకు రెండు టేబుల్‌స్పూన్ల సన్నటి తరుగు చాలు.

గిలక్కొట్టడం గురించి చాలా గట్టి అభిప్రాయాలున్నవాళ్లు ఉన్నారు. రోడ్డు పక్క బండి దగ్గర స్టీలు గ్లాసులో చెంచా పెట్టి టకటకా కొట్టే చప్పుడు వింటేనే ఆకలేస్తుంది, నిజమే. ఆ కొట్టుడులో రెండు పనులు జరుగుతాయి. ఒకటి తెల్లసొనలోని చిక్కటి భాగం తెగి పచ్చసొనతో కలిసిపోవడం, ఇది తప్పనిసరి, లేకపోతే ఆమ్లెట్‌లో అక్కడక్కడా తెల్లటి మచ్చలు పడి ఆ భాగం వేరే వేగంతో గట్టిపడుతుంది. రెండోది గాలి చేరడం. గాలి ఎంత చేరితే అంత పొంగుతుంది, కానీ పచ్చసొనలోని కొవ్వు వల్ల ఈ నురగ ఎక్కువసేపు నిలవదు, అందుకే పొంగాలంటే కొట్టిన వెంటనే పొయ్యాలి. ఫ్రాన్స్‌లో నార్మండీ తీరాన మాన్ సెయింట్ మిషెల్ అనే కొండ ద్వీపం ఉంది, అక్కడ అనెట్ పులార్ 1888లో తెరిచిన హోటల్ ఈ నురగ ఆమ్లెట్ వల్లే ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. రాగి గిన్నెల్లో గుడ్లను నురగ వచ్చేదాకా కొట్టి, పొడుగాటి పిడి ఉన్న పెనాల్లో పోసి కట్టెల మంట మీద వేస్తారు. మన ఇంట్లో ముప్పై నలభై సార్లు ఫోర్కుతో గట్టిగా కొడితే చాలు. ముందు ఉప్పేసి నానబెట్టినవాళ్లు పోసేముందు మళ్లీ ఒకసారి కొట్టండి.

పాలు పోస్తే ఏమవుతుందంటే, ప్రోటీన్ల మధ్య దూరం పెరిగి గుడ్డు గట్టిపడే వేడి కాస్త పైకి జరుగుతుంది, మనకు కొంచెం వెసులుబాటు దొరుకుతుంది, ఆమ్లెట్ లేతగా వస్తుంది. రెండు గుడ్లకు ఒక టేబుల్‌స్పూను వరకు ఫరవాలేదు. అంతకు మించితే తిరగేసేటప్పుడు చినిగిపోతుంది, అంచులు కరకరలాడటం కూడా తగ్గుతుంది. వంటసోడా మాత్రం నాకు అక్కర్లేదనిపిస్తుంది. సోడా బాగా పొంగాలంటే పులుపు తగలాలి, తెల్లసొన చూస్తే పుట్టుకతోనే క్షారగుణం ఉన్నది. పొంగు సంగతి ఎలా ఉన్నా గుడ్డు నీచు వాసన ఎక్కువవుతుంది.

ఇప్పుడు పెనం. అందరూ నూనె గురించి, మంట గురించి మాట్లాడతారు గానీ పెనం సైజు గురించి ఎవరూ మాట్లాడరు, నా దృష్టిలో ఇంటి ఆమ్లెట్‌ను ఎక్కువగా పాడుచేసేది ఇదే. మన దోసెల పెనం 11, 12 అంగుళాలు ఉంటుంది. రెండు గుడ్లు దాని మీద పోస్తే కాగితంలా పరుచుకుంటాయి, అడుగు ఎర్రబడేలోపే పైభాగం కూడా 73 దాటి 90కి పోతుంది, మెత్తదనానికి చోటే లేదు. రెండు గుడ్లకు 8 అంగుళాల చిన్న పెనం సరిపోతుంది, మూడు గుడ్లకు 9 లేదా 10. ఇంట్లో నలుగురుంటే ఎనిమిది గుడ్లు ఒకేసారి పోసి పెద్దది వెయ్యాలని చూడకండి, నాలుగు విడివిడిగా వెయ్యండి, ఒక్కోటి రెండు నిమిషాల పనే.

చాలా ఇళ్లలో దోసెల పెనం మీద గుడ్డు పడనివ్వరు కాబట్టి ఆమ్లెట్‌కు వేరే చిన్న ఇనప పెనం ఉంటుంది. ఉంటే అదృష్టమే, దాన్ని పోనివ్వకండి. నూనె పట్టి పట్టి నల్లగా నున్నగా తయారైన ఇనప పెనం మీద ఆ నూనె పొర గట్టిపడి లోహానికీ గుడ్డుకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. గుడ్డు అతుక్కోవడం అంటే పచ్చి ప్రోటీన్ లోహానికి నేరుగా తగిలి, కంటికి కనపడని గుంటల్లోకి దిగి అక్కడే గట్టిపడటం. చల్లటి పెనం మీద పోసి ఆ తర్వాత వేడి పెంచితే జరిగేది ఇదే. పెనం ముందు కాగాలి, నూనె తర్వాత కాగాలి, అప్పుడు గుడ్డు. అంటుకుందని కంగారుపడి వెంటనే గీకడం మొదలుపెడితే ఇంకా చినుగుతుంది, అడుగు ఎర్రబడి పొర కట్టాక చాలావరకు తనంతట తనే వదిలేస్తుంది. స్టీలు పెనం ఆమ్లెట్‌కు అన్నిటికన్నా మొండిది, అలవాటు లేకపోతే దాని జోలికి పోవద్దు. నాన్‌స్టిక్ అన్నిటికన్నా తేలిక, కాకపోతే ఉత్త పెనాన్ని పెద్ద మంట మీద వదిలెయ్యకూడదు, 260 డిగ్రీలు దాటితే ఆ పూత దెబ్బతినడం మొదలవుతుంది. ఇనప అట్లకాడ బదులు చెక్కదో సిలికాన్‌దో వాడాలి.

నూనె రెండు గుడ్లకు రెండు టీస్పూన్లు. అంచులు జాలీలా రావాలంటే ఇంకో అర చెంచా అంచు చుట్టూ తర్వాత వెయ్యాలి, నూనె పిసినారితనం చేస్తే ఆ కరకర రాదు. వెన్న వాడితే ఒక సౌకర్యం ఉంది, అది మనకు వేడి ఎంతుందో చెప్తుంది. వెన్నలో నీళ్లు ఉంటాయి కాబట్టి కరగగానే నురగ కడుతుంది, నీళ్లు ఆవిరైపోగానే నురగ అణుగుతుంది, అప్పుడే గుడ్డు పొయ్యాలి. ఇంకా ఆలస్యం చేస్తే వెన్నలోని పాల పదార్థం మాడుతుంది. నెయ్యిలో నీళ్లు ఉండవు, ఈ సంకేతం ఇవ్వదు, కానీ వాసన సంగతి చెప్పేదేముంది. నూనె అయితే ఒక చుక్క గుడ్డు వేసి చూడండి. ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటే పెనం కాగలేదు, పడిన వెంటనే ఎర్రబడి చిటపటలాడితే ఎక్కువైంది, చుయ్‌మని పొంగి తెల్లగా నిలబడితే సరిగ్గా ఉంది.

పోసే క్షణం నుంచి ఏం చెయ్యాలో చెప్తాను. మీడియంకన్నా కాస్త ఎక్కువ మంట మీద గుడ్డు పొయ్యండి, చిన్న పెనమైతే చిన్న బర్నర్ మీదే పెట్టండి, పెద్ద బర్నర్ మంట పెనం దాటి బయటికొచ్చి అంచుల్ని మాత్రమే మాడుస్తుంది. మొదటి ఇరవై ముప్పై సెకన్లు పెద్ద వేడి కావాలి, అడుగు ఎర్రబడే పని అప్పుడే మొదలవ్వాలి. అంచు వైపు చూస్తూ ఉండండి: బుడగలు లేచి, వాటి మధ్య నూనె చేరి, అంచు పసుపు నుంచి లేత గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడు మంట సిమ్‌కు తగ్గించి, అట్లకాడతో అంచును నాలుగు వైపులా కొద్దిగా లోపలికి జరిపి పెనాన్ని వంచితే పైన ఉన్న పచ్చి గుడ్డు ఆ ఖాళీలోకి జారుతుంది. ఉల్లి తరుగు చల్లేది ఇప్పుడే. మూత పెట్టాలనుకుంటే ఓ ముప్పై సెకన్లు, పైన తడి మెరుపు ఉంటుంది గానీ కదిపితే పారదు, అది తిరగెయ్యాల్సిన సమయం. తిప్పాక పదిహేను సెకన్లు చాలు. ఇక్కడే అందరూ ఎక్కువసేపు ఉంచుతారు, రెండో వైపూ మొదటి వైపంత ఎర్రగా రావాలని. రెండు వైపులా ఎర్రబడిందంటే మధ్యలో మెత్తగా ఉండే భాగం ఇక మిగల్లేదన్నమాట. పొయ్యి కట్టేసినా పెనం వేడికి కాలుతూనే ఉంటుంది కాబట్టి వెంటనే ప్లేట్లోకి దించెయ్యండి.

పచ్చిగా ఉంటుందేమోనన్న భయం సహజమే. పచ్చి గుడ్డు వల్ల కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా నశించడానికి గుడ్డు 71 డిగ్రీలు దాటితే చాలు, అంటే కదిపినా పారకుండా నిలబడిన ఆమ్లెట్‌కు ఆ సమస్య చాలావరకు ఉండదు. చిన్నపిల్లలకు, గర్భిణులకు, పెద్దవయసువాళ్లకు మాత్రం పైన తడి మెరుపు కూడా లేకుండా పూర్తిగా కాల్చి పెట్టండి, అక్కడ మెత్తదనం గురించి ఆలోచించకండి. పెంకు పగిలిన గుడ్లు వద్దు. ప్రతి గుడ్డూ ముందు చిన్న కప్పులోకి కొట్టి చూసుకుని తర్వాత గిన్నెలో పొయ్యండి, ఒక్క చెడిపోయిన గుడ్డుకు మిగతావన్నీ పారెయ్యాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వారం దాటిన గుడ్డు ఆమ్లెట్‌కు ఏమాత్రం తక్కువ కాదు, దాని తెల్లసొన పల్చబడుతుంది అంతే, ఎలాగూ గిలక్కొడతాం కదా.

ఇంతకీ మంచి ఆమ్లెట్ అంటే ఏది అనేది పక్కన ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. పప్పుచారు అన్నంలోకి, ముద్దపప్పు ఆవకాయలోకి అయితే పల్చగా, ఎర్రగా, ఉప్పూ కారం ఒక పాలు ఎక్కువగా ఉన్నదే బాగుంటుంది, అక్కడ అన్నమే మెత్తగా ఉంది, ఆమ్లెట్ కరకరలాడాలి. అప్పుడు పెద్ద పెనమే వాడండి, నేను పైన చెప్పినది ధైర్యంగా పక్కన పెట్టెయ్యండి. బ్రెడ్డులోకి అయితే మందంగా, లేతగా ఉండాలి. బండి మీద బ్రెడ్ ఆమ్లెట్ అంత బాగా రావడానికి కారణం కూడా నీళ్లే. గుడ్డు పైన ఇంకా పచ్చిగా ఉండగానే బ్రెడ్డు ముక్కలు దాని మీద పరుస్తారు, బ్రెడ్డు ఆ తడిని పీల్చుకుని గుడ్డుకు అతుక్కుంటుంది, ఆపైన అంతా కలిపి తిరగేస్తారు, గుడ్డుకూ పెనానికీ మధ్య బ్రెడ్డు అడ్డొస్తుంది కాబట్టి రెండోసారి నేరుగా వేడి తగలదు. ఇంట్లో అదే రుచి రావాలంటే బ్రెడ్డు విడిగా కాల్చి మధ్యలో ఆమ్లెట్ పెట్టడం మానేసి, ఇలా చేసి చూడండి.

పిల్లల టిఫిన్ బాక్సులోకి పెట్టేదైతే లెక్క పూర్తిగా మారుతుంది. వేడి వేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే లోపలి ఆవిరి మూతకు తగిలి నీళ్లై మళ్లీ ఆమ్లెట్ మీదే పడుతుంది, మధ్యాహ్నానికి అన్నం కూడా తడిసి వాసన పడుతుంది. దాని కోసం పాలు పొయ్యకండి, టమాటా వెయ్యకండి, ఉల్లిపాయ బాగా వేయించి వెయ్యండి, రెండు వైపులా పూర్తిగా కాల్చండి. దించాక ప్లేట్లో అలాగే వదిలెయ్యకుండా జల్లెడ బోర్లించి దాని మీద ఐదు నిమిషాలు ఆరబెట్టి, ముక్కలు కోసి, అన్నం తగలకుండా వేరే గిన్నెలో సర్దండి.